నది దాటిన కంకణం

పోయిన వారం దుర్గని మెట్ల మీద వదిలాం. యాంగన్‌లో ఆ మేడ మూడో అంతస్తుకి ఇంకొక వరస మెట్లున్నాయి. పైన గదిలో సినిమా తీసిన క్యా జా ఎదురుచూస్తున్నాడు. కింద టీకొట్టు ముందు పికప్ బండి ఆపుకుని తమ్ముడు కన్నారావు కూర్చున్నాడు. ఆమె కొడుకు వాసు కనబడకుండా పోయినప్పుడు ఎండలు. ఇప్పుడు వానలు.

వాసుకి పదిహేడేళ్ళు. ఈ క్యా జా సినిమాలో వేషం వేశాడు. బడి మానేసి వంతెన కింద చేరిన పిల్లల కథ అది. షూటింగు తింజాన్ నీళ్ళ పండగకి ముందే అయిపోయింది. పండగ వెళ్ళాక అమ్మవారి సంబరం వచ్చింది. మొక్కు ప్రకారం వాసు ఘటం ఎత్తాడు, చేతికి కంకణం కట్టించుకున్నాడు. రెండో రోజు సాయంత్రం టీ తాగొస్తానని వెళ్ళాడు. ఘటం దించే వేళకి రాలేదు. వాడి బదులు ఇంకొకరు దించారు.

ఈ రోజుల్లో ఈ ఊళ్ళో మగపిల్లాడు ఇంటికి రాకపోతే సైన్యం పట్టుకుపోయిందన్న ఆలోచనే అందరికీ ముందు వస్తుంది. దాన్ని ఎవరూ పైకి అనరు. దుర్గ కూడా అనలేదు. వార్డు ఆఫీసుకి వెళ్ళింది, ఆస్పత్రులకి వెళ్ళింది, బస్సులు ఆగే ప్రతి చోటా ఫొటో చూపించింది. వాసుతో నటించిన పిల్లలు ఊరి శివారు పేట లైంగ్‌థార్యార్‌లో ఉంటారు. కన్నారావు బండి నడిపేది ఆ దారినే కాబట్టి అక్కడికి అతను వెళ్ళాడు. సినిమావాళ్ళనీ కనుక్కున్నానని, షూటింగు అయ్యాక వాసుని చూడలేదన్నారని వచ్చి చెప్పాడు.

నదికి అవతల దలాలో మాత్రం ఎవరూ వెతకలేదు. వెతకాలని ఎవరికీ తోచలేదు. కంకణం కట్టుకున్నవాళ్ళు పొలిమేర దాటకూడదు. తెలుగునాట ఊళ్ళలో అయితే పొలిమేర రాయి ఉంటుంది. రేవులో మూటలు మోయడానికి వచ్చిన తాతల కాలంలో ఇక్కడ రాయి ఎక్కడ పాతాలో తెలియక పెద్దలు నదినే పొలిమేర అన్నారు. అప్పటినుంచి చేతికి కంకణం ఉన్నన్నాళ్ళూ తెలుగువాళ్ళు పడవ ఎక్కరు. రోజూ దలా వెళ్ళి పని చేసుకునేవాడు కూడా ఆ రోజులకి పని మానుకుంటాడు.

“కంకణం కట్టినోడు ఏరు దాటడప్పా. దలా ఎల్లి ఏటి సేస్తాం?” అని అక్కతో మొదట అన్నది కన్నారావే. వీధిలో అందరూ అవునన్నారు. దుర్గా అవునంది.

ఆమె చేతికీ కంకణం ఉంది. ఘటం ఎత్తిన బిడ్డతోపాటు తల్లి కూడా కట్టుకుంటుంది. సంబరం అయ్యాక పూజారి బుల్లియ్య అందరివీ విప్పి నీళ్ళలో కలిపాడు. దుర్గ చెయ్యి చాపలేదు. “ఆడిది ఇప్పిన్నాడు నాదీ ఇప్పండి” అంది. బుల్లియ్య బలవంతపెట్టలేదు. ఇప్పుడు పసుపుకొమ్ము నల్లబడింది. వేపాకు రాలిపోయి ఈనె మిగిలింది. తను పనిచేసే మందుల షాపు కౌంటర్లో ఆమె దాన్ని జాకెట్టు చేతి కిందికి తోసుకుంటుంది. మందులు అందిస్తుంటే మళ్ళీ బయటికొస్తుంది.

క్యా జా ఫోను చేసింది వాసు కోసం కాదు, తెలుగు కోసం. సినిమాలో వాసు కొన్ని మాటలు తెలుగులో అన్నాడట. వాటి అర్థం బర్మీస్‌లో తెర కింద వెయ్యాలి. వాసు ఫోను కలవడం లేదు, మీరు వచ్చి చెప్పగలరా అని అడిగాడు. దుర్గ వస్తానంది. వాసు లేడని ఫోనులో చెప్పలేదు. చెబితే రావద్దంటాడేమోనని భయపడింది. కన్నారావు మాత్రం వద్దన్నాడు. సినిమావాళ్ళతో మనకేటన్నాడు. “కొడుకు గొంతైనా ఇంటాన్రా” అంది దుర్గ. అతను బండి తీశాడు.

ఆమె మిగిలిన మెట్లు ఎక్కింది.

గదిలో రెండు కంప్యూటర్లు, ఒక చాప, నేల మీద బ్యాటరీ ఉన్నాయి. ఆ వేళప్పుడు ఆ వీధికి కరెంటు ఉండదు. బాల్కనీ తలుపు తెరిచి ఉంది. రెయిలింగు మీంచి వీధిలోకి ఒక తాడు, దాని పై కొసకి గంట. కింద వీధిలోంచి తాడు లాగితే పైన గంట మోగుతుంది. మెట్లెక్కే ఓపిక లేనివాళ్ళు ఈ ఊళ్ళో అలాగే పిలుస్తారు.

క్యా జాకి ముప్పై ఉంటాయి. కళ్ళజోడు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి తను స్టూలు లాక్కున్నాడు. వాసు ఎలా ఉన్నాడని, ఫోను మార్చాడా అని బర్మీస్‌లో అడిగాడు.

“వాసు కనబడటం లేదు” అంది దుర్గ.

అతను లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఎప్పటినుంచి అన్నాడు. ఆమె సంబరం సంగతి చెప్పింది. నాకు ఒక్కరూ చెప్పలేదేం అని అతను అడిగాడు. మా తమ్ముడు వచ్చి మీ అందరినీ కనుక్కున్నాడు కదా అని ఆమె అంది.

“ఎవరూ రాలేదు ఆంటీ. మేం నలుగురం. రోజూ ఈ గదిలోనే ఉంటాం. వస్తే నాకు తెలియకుండా ఉండదు.”

కన్నారావు ఇంకెవరినో అడిగి ఉంటాడు, కెమెరా మోసే కుర్రాళ్ళని ఎవరినైనా అడిగి ఉంటాడు అనుకుంది దుర్గ. ఆ మాటని పక్కన పెట్టింది. ఇవాళ వద్దులెండి అని క్యా జా కంప్యూటరు ఆపబోయాడు.

“వెయ్యండి” అంది. “వాడిని చూస్తాను.”

బడి పిల్లల కథ అని వాసు ఇంట్లో చెప్పాడు. తెర మీద బడి లేదు. వంతెన కింద సిమెంటు దిమ్మల మధ్య కుర్రాళ్ళు కూర్చుని ప్లాస్టిక్ సంచిలో మూతి పెట్టి పీలుస్తున్నారు. సంచి చేతులు మారింది. మూడోవాడు వాసు. వాడు రెండు చేతులతో సంచి పట్టుకుని ముఖం అందులో పెట్టాడు. సంచి ఉబ్బింది, తగ్గింది.

దుర్గ కుర్చీలోంచి లేచింది. క్యా జా బొమ్మని ఆపి, ఆ సంచిలో గాలి తప్ప ఏమీ లేదని, జిగురు డబ్బా కూడా ఖాళీదేనని చెప్పాడు. అలాంటి పిల్లలు ఈ ఊళ్ళో ఉన్నారని, వాళ్ళని చూపించడానికే సినిమా తీశానని అన్నాడు. అలాంటి పిల్లలు ఉన్నారని దుర్గకి తెలుసు. మందుల షాపు ముందు రోజూ కనబడతారు. దగ్గుమందు సీసాలు వాళ్ళకి ఇవ్వొద్దని ఓనరు చెప్పాడు. వాళ్ళలో తన కొడుకు ముఖం ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మళ్ళీ కూర్చుంది.

తరవాత వాసు బస్సు దిగుతున్న ఆడమనిషి చేతిలో సంచి లాక్కుని పరిగెత్తాడు. తనతో తిరిగే పిల్లని చెంప మీద కొట్టాడు. ఆ పిల్ల తిరిగి కొట్టింది. వాసు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇంకో సీనులో గుంపు పెద్ద వాసుని గోడకి ఆనించి తన్నాడు. అప్పుడూ వాసు కళ్ళు మూసుకున్నాడు. వాడి నోట్లోంచి వచ్చే బర్మీస్ మాటలు ఆమెకి అర్థమయ్యాయి గానీ, ఆ గొంతులో అవి ఎప్పుడూ వినలేదు.

తెలుగు మాటలు వచ్చినప్పుడల్లా క్యా జా ఆపాడు. మొదటిది ఒక కొట్టువాడితో గొడవ. వాసు వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి, “నీ కడుపు కాల, నీ నోట మన్నడ” అన్నాడు. అది వాళ్ళమ్మమ్మ చిలకమ్మ తిట్టు. దుర్గ అర్థం చెప్పడానికి కాస్త తడబడింది. అర్థం విన్నాక క్యా జా నవ్వాడు.

“మేం మంత్రం అనుకున్నాం ఆంటీ. వెనక గంట మోగిద్దామా అని కూడా ఆలోచించాం.”

దుర్గకీ నవ్వు వచ్చింది. కొడుకు కనబడకుండా పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. వెంటనే సిగ్గుపడి తెర వైపు తిరిగింది.

రెండోది గుంపు పెద్ద అడిగిన ప్రశ్నకి జవాబు. నీకు నాన్న లేడా అని వాడు బర్మీస్‌లో అడిగాడు. వాసు తెలుగులో, “నాన్న లేడు. మావున్నాడు” అన్నాడు. ఇది మీరు చెప్పించారా అని దుర్గ అడిగింది. లేదన్నాడు. తను మాటలు రాసివ్వనని, సందర్భం చెప్పి వదిలేస్తానని, పిల్లలు వాళ్ళకి తోచింది అంటారని చెప్పాడు. వాసుకి అయిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. బడి ఫీజులు, బట్టలు, మొదటి సైకిలు అన్నీ కన్నారావే చూశాడు. దుర్గ ఆ మాటని బర్మీస్‌లో రాసి ఇచ్చింది.

ఆ తరవాత బొమ్మ వణకడం మొదలైంది. కెమెరా మారినట్టు ఆమెకే తెలిసింది. క్యా జా దాని సంగతి చెప్పాడు. షూటింగులో పెద్ద కెమెరా చూస్తే పిల్లలు బిగుసుకుపోతారు. అందుకని తలా ఒక ఫోను ఇచ్చాడు. మీలో మీరే సీన్లు అనుకుని తీసి పంపండి, ఇదే మీ హోంవర్కు అన్నాడు. షూటింగు అయిపోయాక కూడా పంపుతూనే ఉండమన్నాడు. బాగున్నవి సినిమాలో కలిపాడు. చూసినవాళ్ళు ఆ ముక్కలనే మెచ్చుకుంటున్నారట.

“ఆఖరి సీను కూడా అలా వచ్చిందే. వాసు పంపాడు. ఇందులో మాటలు లేవు, నేను పాట వేశాను. కానీ మీరు చూడాలి. వాడు ఇంత బాగా ఎక్కడా చెయ్యలేదు.”

నది ఒడ్డు. బురద. ఒడ్డుకి లాగిన పడవలు. ముగ్గురు నిలబడ్డారు, వాళ్ళ వీపులే కనబడుతున్నాయి. మధ్యలో వాసు మోకాళ్ళ మీద ఉన్నాడు. ఒకడి చేతిలో తెడ్డు ఉంది. తెడ్డు వాసు భుజం మీద పడింది. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. మళ్ళీ పడింది. వాడు బురదలోకి ఒరిగాడు. ఫోను పట్టుకున్నవాడు ఒక అడుగు ముందుకి వేశాడు. బురదలో చెయ్యి కనబడింది, దాని వెనక వాసు కళ్ళు కనబడ్డాయి. కళ్ళు తెరిచి ఉన్నాయి. పాట నడుస్తోంది.

“ఆపండి” అంది దుర్గ.

ఆపాడు.

“వెనక్కి. చెయ్యి కనబడిన చోటికి.”

వేళ్ళు బురదలో దిగి ఉన్నాయి. మణికట్టుకి దారం, దారానికి పసుపుకొమ్ము. పసుపుకొమ్ము పక్కన ఆకుపచ్చ గుడ్డపీలిక ముడి.

ఆమె తన చెయ్యి తెర పక్కన పెట్టింది. జాకెట్టు చెయ్యి పైకి లాగింది. క్యా జా ఆ రెండు చేతులనీ చూశాడు. పిల్లలు చేతులకి ఏవో దారాలు కట్టుకుంటూనే ఉంటారు కదా అన్నాడు. అతని గొంతులో అప్పటికే ధైర్యం లేదు.

దుర్గ నిదానంగా చెప్పింది. ఈ దారం అమ్మవారి సంబరంలో తప్ప కట్టరు. సంబరం రెండో రోజు పొద్దున ఘటం ఎత్తుతుంటే వాసు కంకణం వదులైంది. తిరిగి కట్టడానికి దారం చాలలేదు. ఆమె తన పాత జాకెట్టు అంచు చింపి ముడి వేసింది. ఆ జాకెట్టు ఆకుపచ్చది. ఆ సాయంత్రమే వాసు వెళ్ళిపోయాడు.

“ఇది మీకు ఎప్పుడు వచ్చింది?”

క్యా జా ఫోను తీసి వెతికాడు. దొరికాక ఫోను ఆమె చేతికిచ్చాడు. తేదీ ఉంది. సంబరం మూడో రోజు. ఘటం దించిన రోజు. గుడి దగ్గర డప్పులు మోగుతుంటే ఆమె వీధి చివర నిలబడి కొడుకు కోసం చూసిన రోజు.

వీడియో కింద క్యా జా పంపిన జవాబు ఉంది. దుర్గ చదివింది.

“చాలా బాగుంది. ఇంకోసారి తియ్యి. ఈసారి ముఖం బాగా కనబడాలి.”

దాని కింద ఏమీ లేదు.

ఆమె ఆ మాటలని మళ్ళీ చదివింది. ఫోను బల్ల మీద పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. క్యా జా కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు.

“దీన్ని మీరు ఎన్నిసార్లు చూశారు?”

“లెక్క లేదు. నెలరోజులుగా కూర్చున్నది దీని మీదే.”

“ఒక్కసారీ అనుమానం రాలేదా?”

“వాడు నటించడం నేర్చుకున్నాడనుకున్నాను ఆంటీ.”

“వాడికి నటించడం రాదు” అంది దుర్గ. “దెబ్బ తిన్నట్టు నటించమంటే కళ్ళు మూసుకుంటాడు. మీ సినిమా అంతా అలాగే మూసుకున్నాడు. నిజంగా దెబ్బ తగిలితే మూసుకోడు. పసివాడప్పటినుంచీ అంతే. సూది వేస్తున్నా సూదినే చూస్తాడు.”

క్యా జా తెర వైపు చూశాడు. తెర మీద వాసు అతని వైపే చూస్తున్నాడు. క్యా జా లేచి బాల్కనీ దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు. ఈ సీను చూసి బయటివాళ్ళు చప్పట్లు కొట్టారని మాత్రం చెప్పాడు. అది తప్పు ఒప్పుకోవడమో, ఇంకేమిటో దుర్గకి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఆమె బొమ్మలో పడవల వెనక ఏముందో చూస్తోంది. నీళ్ళు. నీళ్ళకి అవతల మేడలు, రేవు క్రేన్లు, వాటి వెనక పగోడా కొస. అది తను రోజూ తిరిగే ఊరు. ఊరు నీళ్ళకి అవతల కనబడుతోందంటే ఫోను ఊరికి ఎదుటి ఒడ్డున ఉంది.

“ఇది దలా” అంది.

క్యా జా ముందుకి వంగి చూసి అవునన్నాడు. పడవలకి వేసిన రంగు కూడా అక్కడిదేనన్నాడు.

ఏరు దాటాడు. కంకణంతో దాటాడు, లేక దాటించారు. ఆ రోజు నుంచీ ఆమె ఈ ఒడ్డున తిరగని వీధి లేదు. రేవు దగ్గర నిలబడి పడవల వైపు చూసి వెనక్కి తిరిగిన రోజులున్నాయి. అవతల బురదలో బిడ్డ పడి ఉంటే ఇవతల తాను వాడి చేతికున్న దారాన్ని నమ్ముకుంది. వీధంతా నమ్ముకుంది. బర్మావాళ్ళ పిల్లాడైతే మొదటి రోజే దలా వెళ్ళి వెతికేవాళ్ళు.

“పాట తీసెయ్యండి” అంది.

క్యా జా వద్దన్నాడు. వింటే మీరు తట్టుకోలేరన్నాడు. ఆమె చెయ్యి చాపింది. అతను హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. ఆమె ఒక చెవికే పెట్టుకుంది, రెండో చెవి అతని మాటకి వదిలింది. అతను పాట తీసేసి, ఆ ముక్క ఒక్కటే మళ్ళీ మళ్ళీ తిరిగేలా పెట్టాడు.

నీళ్ళు ఒడ్డుకి కొట్టుకుంటున్న చప్పుడు. దూరంగా పడవ మోటారు. తెడ్డు పడిన చప్పుడు, వాసు ఊపిరి. ఒక కుర్రగొంతు బర్మీస్‌లో ఏదో తిట్టింది. ఇంకోసారి తెడ్డు. తరవాత ఫోనుకి బాగా దగ్గరగా, ఫోను పట్టుకున్న మనిషిది, ఒక మగగొంతు బర్మీస్‌లో చాలని అంది. అదే గొంతు తెలుగులోకి మారింది.

“అల్లుడా, లెగు. పడవెల్లిపోతాది.”

ముక్క మొదటికి వచ్చింది. నీళ్ళు. మోటారు. తెడ్డు.

క్యా జాకి తెలుగు రాదు. కానీ అది బర్మీస్ కాదని అతనికి తెలిసింది. పెన్సిలు తీసుకున్నాడు. అతనేమంటున్నాడని అడిగాడు.

“లెమ్మంటున్నాడు” అంది దుర్గ.

“ఇంకా?”

“పడవ వెళ్ళిపోతుందంటున్నాడు.”

అతను రాసుకున్నాడు. రాసుకున్నది చూసి, ఇది తనకెందుకన్నట్టు కొట్టేశాడు. ఎవరిది ఆ గొంతు అని అడిగాడు. మా పిల్లల్లో వాసుకి తప్ప ఎవరికీ తెలుగు రాదన్నాడు.

“తెలియదు” అంది.

వాసుని అల్లుడా అని పిలిచే మనిషి యాంగన్‌లో ఒక్కడే. దుర్గకి ఉన్నది ఒక్కడే తమ్ముడు.

బాల్కనీలో గంట మోగింది. క్యా జా ఉలిక్కిపడ్డాడు. వెళ్ళి కిందికి చూసి, మీ తమ్ముడు అన్నాడు. వీధిలోంచి కేక వినబడింది.

“అప్పా, అయిందేటి?”

ఒక చెవిలో వీధి, ఒక చెవిలో నది. “అల్లుడా, లెగు” అంది నది. “అప్పా, వానొచ్చేలాగుంది” అంది వీధి. రెండూ ఒకటే గొంతు.

దుర్గ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. క్యా జా పోలీసుల దగ్గరికి వెళ్దామన్నాడు. అన్నాక, అనుమతి లేకుండా తీసిన సినిమాని పోలీసులకి చూపించడమంటే ఏమిటో గుర్తొచ్చినట్టుంది, ముఖం వాడిపోయింది. అయినా వస్తానన్నాడు. ఆమె వద్దంది. ఆ వీడియో తన ఫోనుకి పంపమంది. నేను చెప్పేవరకు దీన్ని చెరపొద్దు, ఇంకెవరికీ చూపించొద్దు అంది.

“సినిమాలోంచి తీసేస్తాను ఆంటీ.”

“వాడు దొరికాక వాడినే అడగండి” అంది దుర్గ.

రెండో అంతస్తు దగ్గర ఆగింది. అక్కడ కిటికీ లేదు, మెట్లు చీకటిగా ఉన్నాయి. గోడకి ఆనుకుని కంకణం ముడి వెతికింది. తడికి, చెమటకి ముడి బిగుసుకుపోయింది. గోళ్ళకి రాలేదు. పళ్ళతో లాగింది. నోట్లో పసుపు చేదు తగిలింది. బుల్లియ్య మంత్రం చదివి విప్పాల్సిన ముడి అది. వచ్చింది. కంకణాన్ని నేల మీద పెట్టకూడదు కాబట్టి కొంగున వేసి ముడి వేసుకుంది. అమ్మవారికి ఏం చెప్పుకోవాలో ఆలోచించింది. ఏమీ తోచలేదు. చెయ్యి చీర కింద దాచుకుని దిగింది.

కన్నారావు బండిలో డ్రైవరు సీట్లో ఉన్నాడు. కిళ్ళీ ఉమ్మేసి తలుపు తెరిచాడు. ఆమె పక్కన కూర్చుంది. ఎవరింటికో పెళ్ళికి తీసుకెళ్ళినప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. చొక్కా జేబులో దువ్వెన ఉంది. వానొస్తే తడిసిపోతావప్పా, అద్దం ఎత్తు అన్నాడు. ఆమె అద్దం ఎత్తలేదు.

“ఏటి సూపించారు?” అని అడిగాడు.

“ఆడి గొంతు ఇనిపించారు.”

“ఏటన్నాడు?”

“మావున్నాడన్నాడు.”

కన్నారావు తల ఊపాడు. కళ్ళు తడి అయ్యాయి. అది చూసి దుర్గకి పైన గదిలో వేయని భయం వేసింది. ఆ తడి దొంగ తడి కాదు.

“ఇంటికేనా?” అన్నాడు తాళం చేతిలోకి తీసుకుని.

“రేవుకి పోనీ.”

“రేవుకా? ఏటుందక్కడ?”

“పడవ. దలా ఎల్దాం.”

తాళం పెట్టిన చెయ్యి ఆగింది. అతను నవ్వడానికి ప్రయత్నించాడు. “నీకేటైనా మతి పోయిందా? కంకణం ఎట్టుకుని ఏరు దాటతావేటి?”

దుర్గ చీర కింది నుంచి చెయ్యి తీసి అతని ముందు పెట్టింది. దారం ఉన్నచోట చర్మం తెల్లగా, చుట్టూ గీత గీసినట్టుంది. ఆ గీత మీద పసుపు మరక ఒకటి మిగిలింది.

కన్నారావు ఆ చేతిని చూశాడు. తరవాత మూడో అంతస్తు బాల్కనీ వైపు తల ఎత్తి చూశాడు. అక్కడ క్యా జా రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కన్నారావు తాళం తిప్పలేదు. దలా ఎందుకని అడగలేదు.

“ఎవులు సెప్పినారప్పా నీకు?” అన్నాడు.

వాన మొదలైంది. దుర్గ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“ఏటి సెప్పినారని అడుగుతున్నావు, కన్నా?”